గేదెకి చీర

ఆ పొద్దున మొదటి ఫోను ఏడింటికి వచ్చింది. తొమ్మిదయ్యేసరికి ఆరయ్యాయి. అన్నిటిదీ ఒకటే పాట.

"మేడమ్‌గారండి, గేదె పాలు చేపట్లేదండి. పొదుగు మీద చెయ్యేస్తే తన్నీస్తందండి."

ఏడోసారి మోగేసరికి హైమవతి ఫోన్ని బల్ల మీద బోర్లించి, దాని మీద ఫైలు పెట్టి, ఫైలు మీద మోచెయ్యి ఆనించి కూర్చుంది. పన్నెండేళ్లు దోమలతోనే గడిపిన మనిషి. ఆమె పుణ్యమా అని కొండ కింద ఏడు ఊళ్లలో పద్నాలుగు నెలలుగా ఒక్కరంటే ఒక్కరికి మలేరియా రాలేదు. అంతకుముందు వానాకాలం వచ్చిందంటే ఇంటికొకరు మంచం పట్టేవారు. ఇప్పుడు ఆ ఊళ్లలో మలేరియా మాత్రలు వాడేవాళ్లు లేక గడువు దాటిపోతున్నాయి. ఇందుకు ఒక్కరైనా ఫోను చేసి "బాగుందమ్మా" అన్నారా అంటే, లేదు. రాని జ్వరం ఎవరికి గుర్తుంటుంది? గేదె తన్నితే మాత్రం అందరికీ గుర్తుంటుంది.

తలుపు తోసుకుని సన్యాసినాయుడు వచ్చాడు. ఆమె దగ్గర ఊళ్లు తిరిగి దోమలు పట్టే సహాయకుడు. ఆ ఏడు ఊళ్లలో ఒకటైన ఇప్పమానువలస అతని సొంతూరు.

"అది మా ఊరి దాలమ్మ ఫోనండి. ఎత్తకపోతే బస్సెక్కి వచ్చీసేలగుందండి."

"రానివ్వండి. గేదెని కూడా తెమ్మనండి," అంది హైమవతి. అని, లేచి జీపు తాళాలు తీసింది.

ఈ గొడవంతా ఆమె చేతుల్తో చేసుకున్నదే. దోమ మనిషిని కళ్లతో వెతుక్కోదు. మూతి పక్కనుండే మీసాలతో వాసన పట్టి వస్తుంది. కొండవాగుల్లో పెరిగే దోమలకి మనిషి చెమట వాసన పెళ్లి భోజనం లాంటిది. హైమవతి ఆ మీసాల్లో పనిచేసే ఒక జన్యువుని మార్చింది. రమ్మని పిలిచే వాసన పొమ్మని తరిమేలా చేసింది. మామూలుగా తల్లి గుణం పిల్లల్లో కొందరికే వస్తుంది. ఇది ప్రతి పిల్లకీ, ఆ పిల్లల పిల్లలకీ అంటుకుపోయేలా అమర్చింది. వెయ్యికొకటి ఆ మార్పు అంటకుండా తప్పించుకునేది. వెయ్యికొకటే కదా అని దాన్ని లెక్కచేయలేదు.

దోమల్ని వదిలే ముందు ఇప్పమానువలస బడి దగ్గర సభ పెట్టి, అందరి ముందూ రెండు పంజరాల్లో చెయ్యి పెట్టి చూపించింది. మామూలు దోమల పంజరంలో చెయ్యి దోమలు మూగి నల్లబడిపోయింది. రెండోదాంట్లో దోమలన్నీ ఎగిరి అవతలి వల గోడకి అతుక్కుపోయాయి. చప్పట్లు కొడతారనుకుంది. వెనక వరసలోంచి ఎవరో ముసలాయన, "ఆఖరికి దోమక్కూడా పనికిరాకుండా పోనారేటమ్మా," అని జాలిపడ్డాడు. ఆ దోమలకి వెగటు దోమలని నాయుడు పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

మనిషి మీద వెగటు పుట్టిన దోమ ఉపవాసాలుండదు కదా. గొడ్ల మీద పడింది. ఆ సంగతి హైమవతికి ముందే తెలుసు. తన నివేదికలో 'పశువులపై ఒత్తిడి కొంత పెరగవచ్చు' అని ఒక వాక్యం కూడా రాసింది. ఆ 'కొంత' ఎంతో దాలమ్మ శాలలో చూడాల్సి వచ్చింది.

దాలమ్మకి అరవై దాటాయి. భర్త లేడు. ఉన్నది ఒక గేదె, ఒక కూతురు. కూతురు కుమారికి మూడో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలిచి, ఆరో నెలలో మలేరియా వచ్చి పోయింది. అది ఈ దోమల్ని వదలడానికి ముందు ఏడాది. ఈసారైనా బిడ్డ దక్కాలని దాలమ్మ కూతుర్ని తెచ్చి తన దగ్గరే పెట్టుకుంది.

"ఇదిగో, దీని ఒళ్లు సూడు డాట్రమ్మా." గేదె వీపంతా దద్దుర్లు. రుద్దుకుని రుద్దుకుని మెడ దగ్గర తోలు ఊడింది. "నీ దోమలు దీన్ని నమిలీసినాయి."

"నా దోమలేమిటి దాలమ్మా?"

"నీయి కావేటి? డబ్బాల్లో పెట్టుకొచ్చి వాగు కాడ మూత తీసి ఒదిలినావు. ముందరి దోమలే నయం. మాకింత, దీనికింత పంచుకు తినీవి. నీయి మమ్మల్ని ఒగ్గేసి దీని మీదే పడ్డాయి."

"కుమారికి జ్వరం రాకూడదనే కదా చేసింది?"

దాలమ్మ గేదె నుదురు నిమురుతూ నిలబడింది. "మడిసికి జొరమొస్తే నువ్వు జీపేసుకుని వస్తావు. గేదెకెవులొస్తారు?"

జవాబు లేనప్పుడు హైమవతికి కోపం వస్తుంది.

"పొగ పెట్టావా?"

"పెట్టాను. దోమలు బాగానే ఉన్నాయి. మావిద్దరం దగ్గి సచ్చినాం."

"వేపనూనె రాయమన్నాను కదా?"

"రాసినాను. నాకీసింది."

"అయితే నీ ఒంటి మీద చెమట చీర ఉంది కదా, అది విప్పి దానికి చుట్టు. మనిషి వాసన తగిలితే ఒక్క దోమ వాలదు. ఇంక నన్నొదిలెయ్."

విసురుగా వెళ్లి జీపెక్కింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. హైమవతికి జారినట్టు కూడా తెలియలేదు.

ఆ తరువాత వారం తిరక్కుండా ఫోన్లు ఆగిపోయాయి. ఒక్కటీ లేదు. మొదటి రోజు సిగ్నల్ లేదేమో అనుకుంది. రెండో వారానికి, అలవాటు పడ్డారులే అనుకుంది. ఆగస్టంతా హాయిగా పనిచేసుకుంది. పై నుంచి డైరెక్టరు ఫోను చేసి, వచ్చే ఏడాది ఇంకో ముప్ఫై ఊళ్లకి అనుమతి రాబోతోందన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్లి చాన్నాళ్లకి తీరిగ్గా గుత్తివంకాయ కూర చేసుకుని, వేలికంటిన మసాలా నాకుతూ తిన్నది.

నెలకోసారి నాయుడు తెల్లవారగానే పశువుల శాలల్లోకి వెళ్లి, గోడల మీద వాలిన దోమల్ని నోటితో పీల్చే గాజుగొట్టంలోకి పట్టి తెచ్చేవాడు. వాటి పొట్టల్లో ఉన్నది ఏ జంతువు రక్తమో ఆమె పరీక్షించేది. ఆగస్టులో తెచ్చిన రెండు వందల్లోనూ గొడ్డు రక్తమే. సెప్టెంబరులో ఆరింటిలో మనిషి రక్తం కనిపించింది.

"గొట్టం కడిగారా?" అని నాయుణ్ణి నిలదీసింది.

"కడిగానండి."

"సరిగ్గా కడిగారా?"

"నా మూతికంటే శుభ్రంగా కడిగానండి."

హైమవతి నమ్మలేదు. ఆ ఆరింటి పక్కనా 'నమూనా కలుషితం' అని రాసి పేజీ తిప్పేసింది. నెలన్నరగా ప్రశాంతంగా ఉన్న మనిషికి ఆ ప్రశాంతత చెడగొట్టుకోబుద్ధి కాలేదు. అంతే, ఇంకే కారణమూ లేదు.

దసరా వెళ్లిన వారానికి నాయుణ్ణి వెంటబెట్టుకుని ఇప్పమానువలస వెళ్లింది. పొద్దు వాలుతోంది. మేత నుంచి పశువులు ఇళ్లకి చేరుతున్నాయి. ఊరి మొదట్లోనే జీపు ఆపేసింది.

శాలల్లో గొడ్లన్నీ బట్టలు కట్టుకుని ఉన్నాయి.

ఒక గేదెకి పచ్చచీర. ఒక ఎద్దుకి రెండు పంచెలు కలిపి కుట్టిన దుప్పటి. నాయుడి ఆవుకి గళ్ల లుంగీ. ఒక దూడకి ఎవరిదో బడి చొక్కా, మెడ దగ్గర గుండీ పెట్టి మరీ తొడిగారు. ఒక గుమ్మంలో ఇద్దరాడవాళ్లు పోట్లాడుకుంటున్నారు. ఒకామె చీర రెండో ఆమె గేదె మీద కనబడిందట. మూడు నెలల్లో ఈ విద్యలో వాళ్లు చాలా దూరం వెళ్లారు. ఉతికిన బట్ట పనికిరాదు. పొద్దుటి నుంచీ కట్టి విప్పిందే కావాలి. చేనులో గొప్పు తవ్వి వచ్చిన మగవాడి చొక్కాకి మంచి గిరాకీ. ఎదిగిన కొడుకులున్న ఇంటి గేదెలు సుఖపడుతున్నాయని ఒక ముసలామె వివరించింది.

హైమవతి జీపు తలుపు పట్టుకుని కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. అలా నవ్వుతూనే దాలమ్మ శాలలోకి వెళ్లింది. గేదె దాలమ్మ పాత నేతచీరలో పెద్దముత్తైదువులా నిలబడి నెమరువేస్తోంది. వీపు మానింది. తోలు నున్నగా ఉంది.

"నీ మాట వల్లే డాట్రమ్మా. రెండు పూటలా పాలిస్తంది. పిల్లకి గలాసుడు గలాసుడు పోస్తన్నాను," అంది దాలమ్మ. కుమారి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఆరో నెల నిండుగా కనిపిస్తోంది. ఒంట్లో రక్తం పట్టి మొహం కళగా ఉంది.

అప్పుడు హైమవతి శాల గోడ చూసింది.

గోడ మీద దోమలున్నాయి. పది కాదు, ఇరవై కాదు. పొట్టలు రేగిపళ్లలా ఎర్రగా ఉబ్బి, కదల్లేక అతుక్కుని ఉన్నాయి. ఊళ్లో గొడ్లన్నీ మనిషి వాసన కప్పుకుని ఉంటే ఇవి ఎవరి దగ్గర తాగాయి?

ఆమె నవ్వు ఆగిపోయింది. మంచం లాక్కుని వాకిట్లో కూర్చుని, జాకెట్టు చేతులు పైకి మడిచి, గడియారం చూసుకుంది. ఆరు నిమిషాలకి మొదటిది వాలింది. తల కిందికి, తోక పైకి పెట్టి, ఏ వెగటూ లేకుండా కుట్టింది. చీకటి పడేలోపు పదకొండు కుట్టాయి. పదిహేడు నెలల్లో ఆ ఊళ్లో ఆమెని దోమ కుట్టడం అదే మొదలు.

"నాయుడుగారూ, ఈ చీరల సంగతి మీకు తెలుసా?"

"తెలుసండి."

"ఎప్పటినుంచి?"

"తమరు చెప్పినకాడి నుంచేనండి."

"నేనెప్పుడు చెప్పాను?"

"ఆ వేళ దాలమ్మకి సెలవిచ్చారు కదండి. మంచి ఉపాయమని ఏడూళ్లలోనూ నేనే డప్పు వేయించానండి. అప్పటినుంచే కదండీ తమరికి ఫోన్లు తగ్గాయి."

అతని మొహంలో ఎంత సంతోషమంటే, ఆమె తిట్టాలనుకున్న తిట్టు నోట్లోనే ఉండిపోయింది. తిట్టాల్సింది అతన్ని కాదు కదా.

పరిశోధన కేంద్రంలో మూడు రోజులు కూర్చుని పరీక్షలు చేసింది. సంగతి తేలిపోయింది. వెగటు దోమకి ఇటు మనిషి పనికిరాడు, అటు చీర కట్టిన గొడ్డూ పనికిరాదు. రక్తం లేనిదే దోమ గుడ్లు పెట్టదు. అవి గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయాయి. తప్పించుకున్న ఆ వెయ్యికొకదానికి మాత్రం గొడ్డు వీపు మీద చెమట చీర దొరికింది, పక్కనే మనిషీ దొరికాడు. వారం వారం అదే పెరిగింది. ఇప్పుడు ప్రతి మూడు దోమల్లో ఒకటి పాత దోమే.

డైరెక్టరుకి ఫోను చేసింది.

"ఆ చీరల సలహా ఎవరిచ్చారు వాళ్లకి?"

"నేనే."

తరువాత ఆయన చెప్పింది ఆమెకీ తెలిసిందే. గొడ్ల మీద గుడ్డలు తీసెయ్యాలి. కొత్తగా పెంచిన వెగటు దోమల్ని వదలాలి. వాటికి గొడ్ల రక్తం సమృద్ధిగా దొరికితే మళ్లీ అవే నిలబడతాయి. అప్పటిదాకా మనుషులు తెరల్లో పడుకోవాలి. సంతకి కొండ మీది ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఎవరో ఒకరి రక్తంలో మలేరియా క్రిమి ఎప్పుడూ ఉంటుంది. ఒక్క పాత దోమ వాళ్లని కుట్టి ఇంకొకరిని కుడితే చాలు.

బడి దగ్గర మళ్లీ సభ. ఈసారి పంజరాలు లేవు.

"కట్టమన్నదీ మీరే, ఇప్పమన్నదీ మీరే," అన్నాడు ఒకాయన. "ఏదో ఒకటి సెప్పండమ్మా."

"కట్టమన్నది విసుగులో అన్న మాట. పొరపాటు నాదే."

"గొడ్లకి దోమతెరలు కట్టుకుంటాం. అప్పుడో?"

"వద్దు. అదీ చీర కట్టినట్టే. వెగటు దోమ బతకాలి. అది బతకాలంటే మీ గొడ్లని కుట్టాలి."

"అంటే మా గొడ్లని మీ దోమలకి మేత పెట్టాలా?"

అవుననే చెప్పాలి. చెప్పింది. తరువాత ఎవరూ గొడవ చేయలేదు. అదే ఆమెని ఇంకా చిరాకు పెట్టింది. అందరూ బుద్ధిగా తలలూపారు, ఇళ్లకి పోయారు, ఒక్కరూ విప్పలేదు. ఒక ఇంటి దగ్గర అడిగితే పక్కింటివాళ్లు విప్పాక విప్పుతామన్నారు. పక్కింటివాళ్లు వీళ్ల వైపు చూపించారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. మొదట ఎవరి గేదెకి చీర విప్పితే ఊరి దోమలన్నీ దాని మీదే పడతాయి. ఆ లెక్క కట్టడానికి వాళ్లకి హైమవతి అక్కర్లేదు.

దాలమ్మని బతిమాలింది. "నువ్వు మొదలుపెట్టు. నీ మాట మిగతావాళ్లు వింటారు."

"దీని పాలు తాగే నా పిల్ల తేరుకుంది. ఇప్పుడు ఇది ఎండిపోతే దానికేటి పొయ్యను?"

"పాలు లేకపోతే ఇంకోటి పెట్టొచ్చు దాలమ్మా. జ్వరం వస్తే?"

"తెరలో పడుకుంటంది కదా," అంది దాలమ్మ. ఇంక వినలేదు.

తెరలో పడుకునేది రాత్రి. దోమ కుట్టింది ఏ సందెవేళో, చిక్కుడు పందిరి కిందో. సభ జరిగిన తొమ్మిదో రోజున నాయుడు ఫోను చేశాడు. ఎప్పుడూ 'అండి' లేకుండా మాట్లాడని మనిషి, "కుమారికి చలిజొరం," అని మాత్రం అన్నాడు.

హైమవతి వెళ్లేసరికి మూడు దుప్పట్ల కింద ఆ పిల్ల పళ్లు కొట్టుకుంటున్నాయి. వేలి కొన మీద సూదితో పొడిచి, రక్తపు బొట్టు పరీక్ష బిళ్ల మీద వేసింది. పదిహేను నిమిషాలు చూడాలి. నాలుగో నిమిషానికే రెండో గీత పడింది. గీత చూడటం దాలమ్మకి రాదు. ఆమె హైమవతి మొహం చూసి తెలుసుకుంది.

జీపులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. మూడు రోజులు సూదిమందు పడింది. దాలమ్మ ఆ మూడు రోజులూ కూతురి మంచం పక్కన నేల మీద కూర్చుంది. హైమవతి వరండాలో బల్ల మీద కూర్చుంది. తనని ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. దాలమ్మ దగ్గరికి వెళ్లి, "ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది," అంది.

"నువ్వు అంటే మాత్రం," అంది దాలమ్మ. "కట్టింది నాను. కట్టినాక దాని కళ్లల్లో సుకం సూసింది నాను. నువ్వు వద్దన్నా కట్టీదాన్నేమో."

ఆ మాట హైమవతికి ఓదార్పుగా తగల్లేదు. ఇంకా బరువుగా తగిలింది.

నాలుగో రోజు పొద్దున ఆసుపత్రి డాక్టరమ్మ కుమారి పొట్ట మీద యంత్రం పెట్టి వినిపించింది. లోపల గుండె టకటకా కొట్టుకుంటోంది. ఈసారికి గండం గడిచిందని, పురుడొచ్చేదాకా మళ్లీ మలేరియా సోకితే మాత్రం చెప్పలేనని అంది. ఇంకా మూడు నెలలుంది. పిల్లని ఊరికి తీసుకుపోవద్దంటే, ఇక్కడ పెట్టుకునే ఇల్లు వాళ్లకి లేదు.

ఊరు చేరేసరికి మధ్యాహ్నం. కూతుర్ని తెరలో పడుకోబెట్టి, దాలమ్మ శాలలోకి వెళ్లింది. పక్కింటివాళ్లు సందెవేళ తప్పకుండా కట్టారు కాబోలు, గేదె మీద చీర అలాగే ఉంది. ముడి విప్పి చీర లాగి భుజాన వేసుకుంది. గేదె వెనక్కి తిరిగి చూసింది. దాలమ్మ దానివైపు చూడకుండా బయటికొచ్చి, మొదటి ఇంటి ముందు నిలబడింది.

"నాది విప్పీసినాను. మీది విప్పండి."

"రేపు సూద్దాంలే వదినా."

"ఊరి దోమలన్నింటినీ నా గేదె ఒక్కటే మొయ్యాలేటి? విప్పినదాకా నాను కదలను."

గొంతు పెంచలేదు. భుజం మీద ఆ చెమట చీరతో, ఆసుపత్రిలో మూడు రోజులు నిద్రలేని మొహంతో నిలబడింది. అంతే. వాళ్లు విప్పారు. తరువాత రెండో ఇల్లు. హైమవతి, నాయుడు వెనకాలే నడిచారు. నాయుడి ఇల్లొచ్చినప్పుడు అతను ముందే లోపలికెళ్లి లుంగీ పట్టుకొచ్చి, తలొంచుకుని చూపించాడు. పొద్దు వాలేసరికి ఊళ్లో గొడ్లన్నీ ఒట్టి ఒంటితో నిలబడ్డాయి. మిగతా ఆరూళ్లకీ రేపు ఇలాగే తిరగాలి. నాయుడు కొత్త దోమల డబ్బాలు తీసుకుని వాగు వైపు వెళ్లాడు.

దాలమ్మ ఒక వేపమండ విరుచుకుని, పీట తీసుకుని శాలలోకి నడిచింది. విసురుతూ కూర్చుందామని.

అరుగు మీద కూర్చున్న హైమవతి ఆమెని ఆపింది. ఈ ఉద్యోగం మొత్తం ఇంతే, ఎవరికీ ఇష్టం లేని మాట తనే చెప్పాలి.

"పక్కన కూర్చోకూడదు దాలమ్మా. నువ్వు పక్కనుంటే చీర కట్టినట్టే. నీ వాసనకి వెగటు దోమ రాదు, పాతది వస్తుంది. పొద్దు వాలిన దగ్గర్నుంచి తెల్లారేదాకా మనుషులెవరూ శాలలోకి వెళ్లకూడదు."

"విసరడానికి కూడానా?"

"కూడా."

"ఎన్నాళ్లు?"

"కుమారికి పురుడొచ్చేదాకా."

దాలమ్మ మండ కింద పడేసింది. పీట అక్కడే వదిలేసి, వచ్చి అరుగు మీద హైమవతి పక్కన కూర్చుంది. కాసేపటికి శాలలో గిట్టల చప్పుడు మొదలైంది. తరువాత తోక విసిరే చప్పుడు. తరువాత గేదె అరిచింది. పక్క శాలలో ఇంకోటి అందుకుంది. వీధి చివర దాకా గొడ్లు అరుస్తున్నాయి. ఇళ్లల్లో అందరూ తలుపులు వేసుకుని వింటున్నారు.

దాలమ్మ రెండు చేతులూ ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"రేపు పొద్దున్న నువ్వే వచ్చి పాలు పితుకు డాట్రమ్మా," అంది. "నా మొకం దానికి సూపించలేను."